వీపు చూసేవాడు

షెడ్డులో మచ్చుకత్తికి సాన పడుతూ పడుతూ చిన్నోడు మధ్యలో ఆగాడు. పదును చూడటానికి కాదు, వేళ్ళు విప్పుకోవడానికి. పిడి మీద బిగుసుకుపోయిన కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో ఒక్కొక్కటే ఊడదీసి, పక్కనున్న బకెట్లో ముంచాడు. పొద్దున వేడిగా తెచ్చిపెట్టుకున్న నీళ్ళు చల్లారి చాలాసేపయింది. అయినా అలవాటు కొద్దీ కాసేపు ముంచి ఉంచి, ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ రాయి మీద నీళ్ళు చల్లాడు.

చిన్నోడంటే చిన్నవాడేం కాదు. తల ముగ్గుబుట్టయింది. కరెంటు లైన్ల కింద పొదలు కొట్టే ముఠాలో చేరిన రోజున అందరికన్నా చిన్నవాడు కాబట్టి ఆ పేరు పడింది. తర్వాత అతనికన్నా చిన్నవాళ్ళు వచ్చారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్నెత్తుకున్నారు, పని మానేసి వెళ్ళిపోయారు. పేరు మాత్రం ఇతన్నే పట్టుకుని ఉండిపోయింది. పేరు పెట్టేవాడికేం, ఒక్క క్షణం పని. మోసేవాడికి జన్మంతా.

ఆ ముఠా పని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. స్తంభం నుంచి స్తంభానికి తీగలు సాగుతాయి, తీగల కింద పచ్చదనం ఎదుగుతుంది, ఎదిగినదాన్ని కొట్టాలి. ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టుకుంటూ వెళ్ళేసరికి మొదట కొట్టింది మళ్ళీ నడుం దాకా లేచి కూర్చుంటుంది. ఆ గడ్డిలో పిడుదులుంటాయి. ఆకు కొసన ముందుకాళ్ళు చాచి, దారిన పోయే ఒంటి కోసం కాచుకుంటాయి. చూస్తే నువ్వుగింజంత. చెమట పట్టిన వీపు మీదికి చేరి, నొప్పి తెలియకుండా మూతి దించి, కడుపు నిండేదాకా వదలవు. అందుకని ముఠాలో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం పని దిగాక ఈ షెడ్డులోనే ఇద్దరిద్దరు జోడీలుగా కిటికీ దగ్గర నిలబడతారు. ఒకడు చొక్కా విప్పి వెలుతురుకి వీపు పెడతాడు. రెండోవాడు మెడ నుంచి నడుం దాకా చూసి, జుట్టు కుదుళ్ళు తడిమి, "శుభ్రం" అంటాడు. ఆ మాట వినపడ్డాకే చొక్కా తొడుక్కోవాలి. ముందువైపు ఎవడిది వాడు చూసుకోవచ్చు. వీపు సంగతే చిక్కు. ఎంత మొనగాడైనా తన వీపు తాను చూసుకోలేడు.

చిన్నోడి జోడీ బావ. చుట్టరికం ఏమీ లేదు. చేరిన రోజున ఒక మనిషి వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఏరా బావమరిదీ, వీపు దురద పెడితే చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా నీకు?" అన్నాడు. లేరని చెప్పాడు చిన్నోడు. అప్పటి నుంచి అతను బావ. చిన్నోడికి పెళ్ళి మొదట్లో కుదరలేదు, తర్వాత కుదుర్చేవాళ్ళు లేకపోయారు. ఒక్క గది, ఒక్క కంచం, ఒక్క దిండు. వంట తక్కువ, మాట ఇంకా తక్కువ. రోజు మొత్తం మీద అతని ఒంటిని తాకే చెయ్యి అదొక్కటే, సాయంత్రం కిటికీ దగ్గర బావ చెయ్యి. గరుకు చెయ్యి, గోళ్ళలో మట్టి. ఆ చెయ్యి మెడ మీద పడగానే రోజంతా మోసిన బరువు దిగిపోయినట్టుండేది. ఇది చిన్నోడు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే విషయమూ కాదు.

బావ చూపు తగ్గడం అందరికన్నా ముందు కనిపెట్టింది చిన్నోడే. మొదట మెట్టు తప్పాడు. తర్వాత ఒకరి కత్తి అనుకుని ఇంకొకరిది పట్టుకెళ్ళి తిట్లు తిన్నాడు. మందపాటి అద్దాల కళ్ళజోడు కొనుక్కున్నాడు గానీ, దానివల్ల ముక్కు మీద గాటు పడిందే తప్ప ఒరిగిందేమీ లేదు. లోపల పొర కమ్ముకుంటుంటే అద్దం ఏం చేస్తుంది? ఒక సాయంత్రం కిటికీ దగ్గర బావ చెయ్యి తన వీపు మీద గుడ్డిగా తడుముకుంటూ తిరగడం తెలిసింది చిన్నోడికి. వేలు ఆగాల్సిన చోట ఆగలేదు. "శుభ్రం" అన్నాడు బావ, ఎప్పటిలాగే గట్టిగా. చిన్నోడు చొక్కా తొడుక్కున్నాడు.

వేరే జోడీని అడగొచ్చు. అడిగితే, ఎందుకని మేస్త్రీ అడుగుతాడు. ఎందుకో చెబితే మర్నాడు బావ పనిలో ఉండడు. కళ్ళు కనపడనివాడి చేతిలో కత్తి పెట్టేదెవడు? అదొక్కటే కారణం అంటే అబద్ధమే అవుతుంది. బావ పోతే ఆ చెయ్యి కూడా పోతుంది. అందుకని చిన్నోడు మరునాడూ, ఆ మరునాడూ, వానాకాలమూ, ఎండాకాలమూ అదే కిటికీ దగ్గర, చూడలేని మనిషికి వీపు పెట్టి నిలబడ్డాడు.

పిడుదుకి ఈ స్నేహాలు తెలియవు. దాని పని అది చేసింది.

దాన్ని మొదట చూసింది కుట్టు అక్క. యూనియన్ హాలు వెనక సందులో ఆమెది చిన్న టైలరింగ్ కొట్టు. చొక్కా కొలతలకని బనియను మీద నిలబెట్టి, భుజానికి టేపు పెట్టబోయి ఆగిపోయింది. "తమ్ముడూ, ఈ పుట్టుమచ్చకి కాళ్ళున్నాయేంటి?" అంది. అప్పటికే అది రక్తం తాగి ద్రాక్షపండులా ఉబ్బింది. నర్సు గాటు పెట్టి తీసింది, అది పుండు పడి మానింది. తర్వాత జ్వరం, తర్వాత మోకాళ్ళు, తర్వాత ముఖం ఒక పక్కకి జారి, నీళ్ళు తాగితే పెదవి మూల నుంచి కారడం. రక్తం తీసి దూరాన ఉన్న పెద్ద నగరానికి పంపారు. జవాబు వచ్చేసరికి జబ్బు సామాను సర్దుకుని ఒంట్లో కాపురం పెట్టేసింది. ముఖమైతే సర్దుకుంది. కీళ్ళు మాత్రం ఎవరి మాటా వినడం మానేశాయి. "పిడుదు కుడితే కుక్కకి రావాలిగానీ నీకెందుకొచ్చిందిరా?" అని మేస్త్రీ నవ్వాడు. నవ్వినా మంచివాడే, పనిలోంచి తీసేయకుండా షెడ్డులో కత్తులకి సాన పట్టే పని ఇచ్చాడు.

కుట్టు అక్కకీ అదే జబ్బు. చెరువు గట్టున కట్టెలు ఏరబోయి తెచ్చుకుంది. పోస్టుమాన్‌కి ఉంది, గేదెలు కాసే ముసలమ్మకి ఉంది. వీళ్ళంతా సెలవు రోజున కుట్టు అక్క కొట్లో గుడ్డపీలికల మధ్య కూర్చుని ఒకరి బాధ ఒకరు వినేవాళ్ళు. బయటివాళ్ళు పిడుదు సంఘమని ఎగతాళి చేస్తే, అక్క ఆ పేరే ఖాయం చేసింది. "అవును, పిడుదులమే. పట్టుకుంటే వదలం," అంది. ఇప్పుడు ఎన్నికలొచ్చాయి. అభ్యర్థులిద్దరూ ఈ సాయంత్రం యూనియన్ హాల్లో జనం అడిగినవాటికి జవాబు చెబుతారు. సంఘం అడగదలచుకున్నది ఒక్కటే. ఆ రక్తపరీక్ష ఈ ఊరి ఆస్పత్రిలోనే జరగాలి, కుట్టిన వారంలోనే మందు పడాలి. అడగాల్సింది చిన్నోడు. పనిలో తెచ్చుకున్నవాడు కాబట్టి అతని మాటకే బరువని అక్క తేల్చింది.

"ఎక్కువ మాట్లాడకు తమ్ముడూ," అని పొద్దున్నే వచ్చి మళ్ళీ చెప్పి వెళ్ళింది. "పని చేశాం, రోజూ వీపులు చూసుకున్నాం, అయినా వచ్చింది. కాబట్టి పరీక్ష కావాలి. అంతే. ఇంతకన్నా ఒక్క ముక్క కూడా వద్దు."

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయడానికి చిన్నోడు కుస్తీ పడుతుండగా గేటు దగ్గరే కేక వినపడింది.

"ఒరేయ్ చిన్నోడా! ఆ గోడ మీద పొగ తాగరాదు అని రాసుందిరా! ఇన్నేళ్ళూ దాని కిందే నిలబడి తాగాను కదరా!"

బావ. చేతిలో సంచీ, ముఖాన వెలుగు. కిందటి నెలలో కళ్ళ ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి కనపడిందల్లా చదువుతున్నాడు. తాళం మీద కంపెనీ పేరు, సిమెంటు బస్తా మీద హెచ్చరిక, ఎన్నికల పోస్టర్ల అడుగున చీమకాళ్ళంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు, అన్నీ. అక్షరాలు ఎదురొచ్చి దణ్ణం పెడుతున్నాయన్నాడు. సాయంత్రం బస్సుకి తమ్ముడి ఊరు వెళ్ళిపోతున్నాడు. తమ్ముడికి కిరాణా కొట్టుంది. కళ్ళు బాగయ్యాయి కాబట్టి గల్లా దగ్గర కూర్చోబెడతాడట.

"మళ్ళీ ఎప్పుడొస్తావు బావా?"

"రావడానికి ఇక్కడేముందిరా? ఉన్నది నువ్వొక్కడివి. నువ్వే రా," అంటూ డబ్బా లాక్కుని మూత తీసిచ్చాడు. చిన్నోడు తలూపాడు. బస్సు మెట్టెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవని ఇద్దరికీ తెలుసు.

బావ షెడ్డంతా తిరిగి చూశాడు, ఏదో పెళ్ళివారిల్లు చూసినట్టు. గుమ్మం మెట్టు అంచున తెల్లరంగు గీత కనపడి ఆగాడు. కొక్కేనికి వేలాడుతున్న తన పాత మచ్చుకత్తి పిడి చివర తెల్లరంగు. నీళ్ళ క్యాను మూతి చుట్టూ తెల్లరంగు. మిగతా కత్తులకి లేదు.

"ఈ తెల్లరంగేంట్రా? నా దానికే పూసుంది?"

"కంపెనీవాళ్ళు పూశారు బావా. జాగ్రత్త కోసం."

"ఇన్నాళ్ళకి ఒక్క మంచి పని చేశారు వెధవలు," అని బావ సంతోషించాడు. చిన్నోడు అన్నంలో తల దూర్చాడు.

సాయంత్రం ఇద్దరూ హాలుకి వెళ్ళారు. అది షెడ్డుకి ఎదురుగానే, రోడ్డు దాటితే. లోపల చోటు చాలదని చూరుకి ఒక లౌడ్‌స్పీకర్ కట్టారు, దాని నోరు షెడ్డు వైపే ఉంది. అభ్యర్థుల్లో ఒకరు కాంట్రాక్టరు గారు, రెండోవారు లాయరమ్మ. కాంట్రాక్టరు గారు అడగకముందే అన్నిటికీ ఒప్పేసుకునే రకం. కుట్టు అక్క లేచి పిడుదుల గురించి అనగానే, "గెలిచిన నెల తిరిగేలోపు ఈ ఊళ్ళో ఒక్క పిడుదు లేకుండా చేస్తాను!" అన్నారు. చప్పట్లు పడ్డాయి. పిడుదులు వింటే నవ్వి చచ్చేవి. లాయరమ్మ మాత్రం కలం పట్టుకుని విన్నది. గెలిచేది ఆవిడేనని అంతా అంటున్నారు. అందుకే అక్క చిన్నోణ్ణి ఆవిడ వైపు తిప్పి నిలబెట్టింది.

చిన్నోడు మైకుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"పొదలు కొట్టే పని చేశానండి. పిడుదు కుట్టింది. పరీక్ష ఇక్కడ లేదండి. ఉంటే... ఉంటే ఇంత దూరం వచ్చేది కాదండి."

లాయరమ్మ ముందుకు వంగింది. గొంతులో ఎగతాళేమీ లేదు. "చూడండి, మీ ముఠాలో ఒకరి వీపు ఒకరు చూసుకునే పద్ధతుందని విన్నాను. మంచి పద్ధతి. నేను ఈ పరీక్ష కావాలని అడిగితే పైవాళ్ళు మొదట అడిగేది ఇదే. జాగ్రత్తపడితే రాని జబ్బుకి అంత ఖర్చెందుకని. మీ వీపు చూసిందెవరు? చూసినా తప్పిపోయిందా, లేకపోతే చూడనేలేదా?"

జవాబు చాలా చిన్నది. చూశారండి, తప్పిపోయిందండి. అక్క కళ్ళతోనే ఆ మాట అందిస్తోంది. కానీ ఆ మాట అంటే హాలంతా వెనక్కి తిరిగి చూస్తుంది. చివరి బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని, కొత్త కళ్ళతో గోడల మీద బ్యానర్లు చదువుకుంటున్న మనిషిని చూస్తుంది. జోడీ ఎవరో ముఠాలో తెలియనివాడు లేడు. ఊరు విడిచిపోయే రోజున, ఇన్నాళ్ళ తర్వాత అన్నీ స్పష్టంగా కనపడుతున్న రోజున, ఆ మనిషి చూడాల్సింది ఇదా?

"ఆ రోజు నేనే చూపించుకోలేదండి," అన్నాడు చిన్నోడు. "తొందర్లో వెళ్ళిపోయాను."

లాయరమ్మ కలం మూత పెట్టింది. "అదే మరి. ముందు జాగ్రత్త ముఖ్యం," అని మెల్లగా చెప్పి, తర్వాతి మనిషి వైపు తిరిగింది.

కుట్టు అక్క హాలు మెట్ల మీద కూలబడింది. మోకాళ్ళు రెండూ చేతుల్తో పట్టుకుని, చిన్నోడి ముఖం చూడకుండానే అంది. "నాకు తెలియదా తమ్ముడూ? చూపించుకోకుండా ఒక్క రోజు ఇంటికెళ్ళిన మనిషివా నువ్వు? ఎందుకన్నావో నాకు తెలియదు. మా అందరి నోట్లో మట్టి కొట్టావు." పోస్టుమాన్ చెప్పుల్లోకి కాళ్ళు దూరుస్తున్నాడు. ముసలమ్మ కర్ర వెతుక్కుంటోంది. వీళ్ళిద్దరూ తిట్టినా బాగుండుననుకున్నాడు చిన్నోడు. రోడ్డు దాటి షెడ్డులోకి వచ్చేశాడు.

వెనకాలే బావ వచ్చాడు. సంచీ బల్ల మీద పెట్టాడు.

"ఏ రోజురా?" అన్నాడు.

"ఏంటి బావా?"

"చూపించుకోకుండా వెళ్ళింది ఏ రోజు? ఒళ్ళు కాలిపోతున్న రోజు కూడా నిలబడ్డావు. వాన పడి కరెంటు పోతే, ఆ గుడ్డివెలుతురులో చూశాను. ఏ రోజురా?"

చిన్నోడు సానరాయి కడుగుతున్నాడు, కడిగిందే మళ్ళీ. బావ జేబులోంచి పాత కళ్ళజోడు తీశాడు. పారెయ్యబుద్ధి కాక వెంట తిప్పుతున్నాడు. ఎందుకో దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. కాడ చివర తెల్లరంగు చుక్క. చీకట్లో తడుముకోకుండా దొరకాలని ఎవరో సన్నటి పుల్లతో పెట్టిన చుక్క.

"ఇది కూడా కంపెనీవాళ్ళే పూశారా?"

చిన్నోడు రాయి కింద పెట్టాడు. అబద్ధాలు అయిపోయాయి.

"చొక్కా తియ్యి," అన్నాడు బావ.

గుండీలు తీయడానికి వేళ్ళు సహకరించలేదు. బావే తీశాడు. చిన్నోడు ఎప్పటిలా కిటికీ వైపు నిలబడ్డాడు. సాయంత్రపు ఎండ అడ్డంగా పడుతోంది. బావ చెయ్యి మెడ దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా కిందికి వచ్చింది. ఈసారి తడుముకోలేదు. కుడి రెక్క ఎముక పక్కన కందిగింజంత గుంట మచ్చ దగ్గర వేలు ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది. వెనక నుంచి ముక్కు పీల్చిన చప్పుడొచ్చింది. చిన్నోడు తిరగలేదు. తిరిగితే బావకి కష్టం.

"శుభ్రం," అన్నాడు బావ.

సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. తెల్లగీత మీద కాలు పడకుండా, పెద్ద అడుగేసి దాటాడు. "వెళ్ళొస్తా" అని కూడా అనలేదు. చొక్కా చేత పట్టుకుని చిన్నోడు చూస్తూ నిలబడ్డాడు. బస్టాండు కుడివైపు. బావ నేరుగా రోడ్డు దాటాడు.

హాల్లో ఎవరో రోడ్డు గుంతల గురించి అడుగుతున్నారు. లౌడ్‌స్పీకర్ ఒకసారి కీచుమంది. ఏదో గలాటా, కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత మైకుకి మరీ దగ్గరగా పెట్టిన నోటి శ్వాస.

"అమ్మా, ఇందాక పిడుదు గురించి అడిగినవాడు అబద్ధం చెప్పాడు. వాడి జోడీని నేను. రోజూ వాడి వీపు నేనే చూశాను. చూశానని నేననుకున్నాను. నాకు కళ్ళు కనపడేవి కావు. చెబితే పని పోతుందని దాచాను." మైకు మళ్ళీ కీచుమంది. "అది వాడికి తెలుసు. తెలిసే నాకు వీపు పెట్టాడు. అందరూ జాగ్రత్తగానే ఉన్నామమ్మా. జాగ్రత్తగా ఉన్నా వస్తుంది. ఆ పరీక్షేదో ఇక్కడ పెట్టించండి. నా బస్సుకి టైమైంది."

మైకు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత లాయరమ్మ గొంతు, మైకుకి దూరంగా. "ఆ పెద్దాయన్ని ఆపండి... పోనీ, ఇందాకటి వాళ్ళని పిలవండి. ఆ టైలరమ్మని. ఇది రాసుకోవాలి." ఆ వెంటనే కాంట్రాక్టరు గారు, "నేనూ పెట్టిస్తాను!" అన్నారు. ఎవరో నవ్వారు. మెట్ల మీద నుంచి కుట్టు అక్క లేవడం, పోస్టుమాన్ చెయ్యందించడం కిటికీలోంచి కనపడింది. ఆవిడ లోపలికి వెళుతూ ఒకసారి షెడ్డు వైపు చూసింది.

రాసుకున్నవన్నీ జరుగుతాయా అంటే, అది ఎన్నికలు చూసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. చిన్నోడు దాని గురించి ఆలోచించడం లేదు. గుమ్మం దాకా వెళ్ళాలనుకున్నాడు. మోకాళ్ళు కదిలేసరికే బస్టాండులో హారన్ మోగింది, బస్సు మలుపు తిరిగింది. వెనక అద్దంలో తలలు కనపడ్డాయి గానీ, ఏది ఎవరిదో తెలియలేదు. బావ కళ్ళయితే ఇప్పుడు కనిపెట్టేవి.

చొక్కా తొడుక్కోవాలి. మాట వినపడింది కదా, తొడుక్కోవచ్చు. చిన్నోడు చెయ్యి వెనక్కి తిప్పి వీపు మీద ఆ మచ్చను అందుకోబోయాడు. భుజం సగంలోనే ఆగిపోయింది. బావ వేలు ఆగిన చోటు ఇంకా వెచ్చగానే ఉంది, ఆ చోటుకి తన చెయ్యి చేరదు. ఇకమీదట ఆ చోటు ఎవరికీ కనపడదు. ఏడుపొచ్చింది. షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

ఎండ కిటికీ దాటి కత్తుల మీదికి జరిగింది. గుండీలు పెట్టుకోకుండానే అతను చొక్కా భుజాన వేసుకుని, బకెట్లో నీళ్ళు పారబోసి, తలుపు దగ్గరికి వేశాడు. కిటికీ గట్టు మీద మందపాటి అద్దాల కళ్ళజోడు ఒకటి రోడ్డు వైపు తిరిగి ఉంది, కాడ చివర తెల్లరంగు చుక్కతో.